విద్యుత్తు కారులో బ్రేక్ ఆయిల్ లీకు.. నింపితే సరిపోదు

ఆత్మకూరు: రాత్రి కారు నిలిపిన చోట తెల్లవారేసరికి అరచేతి వెడల్పు తడి. బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కనిష్ఠ గీత కిందికి దిగి ఉంటుంది. దుకాణం నుంచి కొత్త సీసా తెచ్చి నింపితే డాష్‌బోర్డుపై ఎర్రదీపం ఆరిపోతుంది. ప్రయాణం మళ్లీ మొదలవుతుంది. చాలామంది వాహనదారులు చేసే పని ఇదే. అయితే ఆరింది దీపమే గానీ లీకు కాదు. డబ్బాలో మట్టం తగ్గిందంటే ఆ ద్రవం ఎక్కడికి పోయిందో తెలుసుకోకుండా మళ్లీ నింపడం ముప్పును వాయిదా వేయడమే అవుతుంది.

పెట్రోలు, డీజిల్ కార్లకు వర్తించే ఈ మాట విద్యుత్తు కార్లకు మరింత ఎక్కువగా వర్తిస్తుంది. ఈ కార్లలో బ్రేకు బలహీనపడిన సంగతి డ్రైవరు కాలికి త్వరగా తెలియదు. తెలిసే సమయానికి ఘాట్ రోడ్డులో సగం దిగి ఉండవచ్చు. కేజీ రోడ్డుగా పిలిచే కర్నూలు-గుంటూరు రహదారిపై నల్లమల ముంగిట ఉన్న ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లే భక్తుల వాహనాలు దోర్నాల వరకు అటవీమార్గంలో, ఆపై ఘాట్ మలుపుల్లో సాగాలి. శివరాత్రి, కార్తికమాసాల్లో ఈ దారిలో రద్దీ చెప్పనక్కర లేదు. పచ్చ నంబరు పలకల కార్లు పెరుగుతున్న ఈ రోజుల్లో వాటి బ్రేకుల తీరు తెలుసుకోవడం యజమానులకూ, వాటికి మరమ్మతు చేసే మెకానిక్‌లకూ అవసరం.

మోటారు ఆపుతుంటే ఆయిల్ ఎందుకు?

విద్యుత్తు కారులో వేగం తగ్గించే మార్గాలు రెండు. మొదటిది మోటారు. యాక్సిలరేటర్‌పై నుంచి కాలు తీయగానే, లేదా బ్రేకు పెడల్‌ను మెల్లగా నొక్కగానే, మోటారు డైనమోలా మారి చక్రాల వేగాన్ని విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. దీనినే రీజనరేటివ్ బ్రేకింగ్ అంటారు. వాడుకలో ‘రీజెన్’ అని పిలుస్తున్నారు.

రెండోది అన్ని కార్లలో ఉండే పాత పద్ధతి. పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని ద్రవంపై ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడి సన్నని ఇనుప పైపులు, రబ్బరు హోస్‌ల గుండా నాలుగు చక్రాలకు చేరి ప్యాడ్లను డిస్కులపైకి, డ్రమ్ములున్న చోట షూలను డ్రమ్ము గోడలపైకి నొక్కుతుంది. వాడుకలో బ్రేక్ ఆయిల్ అంటున్నా ఇది నిజానికి నూనె కాదు. గ్లైకాల్ జాతి రసాయనాలతో తయారైన ద్రవం. నీటిలో ఇట్టే కలిసిపోతుంది. గాలిలోని తేమను సైతం పీల్చుకుంటుంది. లీకును గుర్తించడంలోనూ, నివారించడంలోనూ ఈ గుణమే కీలకం.

రీజెన్ ఎంత బలంగా ఉన్నా అది రెండో పద్ధతికి ప్రత్యామ్నాయం కాదు. వేగం బాగా తగ్గాక దాని పట్టు సడలుతుంది. ఒక్క మోటారున్న కార్లలో ముందు చక్రాలకో, వెనుక చక్రాలకో మాత్రమే అది పనిచేస్తుంది. చక్రాలు జారుతుంటే కంప్యూటరే దానిని తగ్గిస్తుంది. ఆకస్మికంగా పశువు అడ్డొస్తే కారును నిలబెట్టేది ప్రధానంగా బ్రేక్ ఆయిలే.

లీకు దాగేది ఇక్కడే

పెట్రోలు కారులో ప్రతి మలుపులోనూ, ప్రతి గుంత వద్దా బ్రేకు నొక్కాల్సిందే. పెడల్ కాస్త మెత్తబడినా, ఎప్పటికన్నా లోతుకు దిగినా ఆ రోజే తెలిసిపోతుంది. విద్యుత్తు కారులో రోజువారీ పని చాలావరకు మోటారే చక్కబెడుతుంది. పట్టణంలో నెమ్మదిగా తిరిగే డ్రైవరు అసలైన బ్రేకును గట్టిగా నొక్కే సందర్భాలే తక్కువ. పైగా కొన్ని మోడళ్లలో పెడల్‌కూ చక్రాలకూ నేరుగా సంబంధం ఉండదు. కాలికి తగిలే బిగువును లోపలి స్ప్రింగు కల్పిస్తుంది. ఎంత ఒత్తిడి పంపాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. అలాంటి కారులో లీకు మొదలైనా పెడల్ మామూలుగానే అనిపించవచ్చు.

మరో సంగతీ ఉంది. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్ ముందుకు జరిగి, డబ్బాలో మట్టం కొద్దికొద్దిగా తగ్గడం అన్ని కార్లలోనూ సహజం. అందుకే మట్టం తగ్గితే ప్యాడ్లు అరిగాయేమో చూడాలని మెకానిక్‌లు చెబుతారు. విద్యుత్తు కారులో ప్యాడ్లు చాలా నెమ్మదిగా అరుగుతాయి. కాబట్టి ఒకటి రెండు నెలల్లో మట్టం కళ్లకు కనిపించేంత తగ్గితే అరుగుదల ఖాతాలో వేయడానికి వీల్లేదు. ప్యాడ్ల మందం సరిగానే ఉండి మట్టం తగ్గితే లీకుందనే భావించాలి.

ఘాట్‌లో లెక్క ఇదీ..

పదిహేను వందల కిలోల బరువున్న కారు 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకుందాం. ఆ దిగడంలో విడుదలయ్యే శక్తి సుమారు 1.2 యూనిట్ల విద్యుత్తుకు సమానం. దాదాపు 14 లీటర్ల నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగే స్థాయికి తేగల శక్తి అది. బ్యాటరీలో ఖాళీ ఉంటే ఇందులో చాలా భాగాన్ని రీజెన్ తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ శక్తికి చోటుండదు. అప్పుడు రీజెన్ బాగా తగ్గిపోతుంది. భారమంతా డిస్కులపై, ప్యాడ్లపై, వాటిని నడిపే బ్రేక్ ఆయిల్‌పై పడుతుంది.

కొండపై రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, ఉదయం నూరు శాతం బ్యాటరీతో దిగే కారుది సరిగ్గా ఇదే పరిస్థితి. అప్పటిదాకా మోటారు చాటున దాగిన లీకు బయటపడేది అక్కడే. అందువల్ల ఘాట్ దిగాల్సి ఉంటే బ్యాటరీని 80 శాతం వద్ద ఆపుకోవడం మేలు. ఇది లీకుకు మందు కాదు. బ్రేకులపై భారం తగ్గించే జాగ్రత్త మాత్రమే.

పాతబడిన ద్రవంతోనూ ఇదే చోట ప్రమాదం. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ కనీస పరిమితి 155 డిగ్రీలు. డాట్ 3 రకానికి ఇవి 205, 140 డిగ్రీలు. వేడికి ద్రవం మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ అడుక్కు దిగినా చక్రం పట్టదు.

కారుతున్నది ఏది?

కారు కింద తడి కనిపించగానే బ్రేక్ ఆయిలేనని కంగారు పడనక్కర లేదు. విద్యుత్తు కారు నుంచి నాలుగు రకాల ద్రవాలు కారే వీలుంది. రాత్రి కారు కింద తెల్లని అట్ట పరిచి ఉదయం చూస్తే తేడా తెలుస్తుంది.

- ఏసీ నీరు: రంగు, వాసన, జిగురు ఉండవు. వేసవిలో ఇది సహజం.
- కూలెంట్: బ్యాటరీని, మోటారును చల్లబరిచే ద్రవం. ఆకుపచ్చ, గులాబీ, నీలం వంటి రంగుల్లో ఉంటుంది. తియ్యని వాసన వస్తుంది. ఇది కారినా కారును సర్వీసుకు పంపాల్సిందే.
- గేరు ఆయిల్: చిక్కగా, జిడ్డుగా ఉంటుంది. నీటిలో వేస్తే పైకి తేలుతుంది.
- బ్రేక్ ఆయిల్: పలుచగా, లేత పసుపు లేదా తేనె రంగులో ఉంటుంది. పాతదైతే గోధుమ రంగుకు మారుతుంది. వేళ్ల మధ్య జారుతుంది. నీటిలో వేస్తే తేలకుండా కలిసిపోతుంది. రంగుపై పడితే పెయింటును పొంగించి ఊడదీస్తుంది.

కూలెంట్ కూడా నీటిలో కలుస్తుంది కాబట్టి నీటి పరీక్ష ఒక్కటే చాలదు. రంగు, వాసన, కారిన చోటు మూడూ కలిపి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ డబ్బాలో మట్టం తగ్గిందన్నది. రుచి చూసే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. రెండూ విషపూరితాలే.

వెతకాల్సిన చోట్లు

లీకును పైనుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి వరుసగా వెతకాలి. తడి కనిపించిన ప్రతి చోటా ముందుగా తుడిచి, పెడల్ నొక్కించి, మళ్లీ ఎక్కడ చెమ్మ పుడుతుందో చూడటం సరైన పద్ధతి.

చక్రం లోపలి అంచునో, టైరు లోపలి గోడపైనో తడి చారలుంటే కాలిపర్ పిస్టన్ సీలు, హోస్ పైపు, ఎయిర్ తీసే నిపుల్, హోస్‌ను కాలిపర్‌కు బిగించే బోల్టు వద్ద ఉండే రాగి వాషర్లను అనుమానించాలి. హోస్‌ను చేత్తో వంచి చూస్తే సన్నని బీటలు కనిపిస్తాయి. ముందు చక్రాల హోస్‌లు స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ వంగుతుంటాయి. కాబట్టి చక్రాన్ని రెండువైపులా చివరిదాకా తిప్పి చూడాలి.

వెనుక డ్రమ్ములున్న కారులో లీకు లోపలే ఉండి బయటికి ఆలస్యంగా వస్తుంది. డ్రమ్ము విప్పి వీల్ సిలిండర్ రబ్బరు టోపీని కాస్త పైకెత్తితే లోపల తడి బయటపడుతుంది. బానెట్ కింద మాస్టర్ సిలిండర్ బూస్టర్‌ను కలిసే చోట, క్యాబిన్‌లో పెడల్ వెనుక కడ్డీ వద్ద కూడా చూడాలి. పెడల్ పైభాగం నుంచి కాలిపట్టా మీదికి చుక్కలు రాలుతుంటే సీలు పోయిందని అర్థం.

విద్యుత్తు కారుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. వెనుక చక్రాలకు వెళ్లే ఇనుప పైపులు బ్యాటరీ పెట్టె పక్క నుంచి సాగుతాయి. వాటి కింద ప్లాస్టిక్ పలకలుంటాయి. పైపు ఒకచోట కారితే ద్రవం పలకపై పారి మరోచోట చుక్కలుగా రాలుతుంది. చుక్క పడిన చోటే లీకుందని నమ్మితే మంచి భాగాన్ని మార్చి చెడిన భాగాన్ని వదిలేసినట్లవుతుంది. పలకను విప్పి, పైపును మొదటి నుంచి చివరి దాకా గుడ్డతో తడుముతూ వెళ్లాలి.

పెడల్ పరీక్ష

సమతల నేలపై కారు నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టి, గేరును ‘పి’ లేదా న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, కారును ఆన్ చేయాలి. పెడల్‌ను గట్టిగా నొక్కి అర నిమిషం పట్టి ఉంచాలి. కాలి కింద పెడల్ మెల్లగా దిగిపోతుంటే బయట లీకైనా ఉండాలి, మాస్టర్ సిలిండర్ లోపలి సీలైనా దెబ్బతిని ఉండాలి. బయట తడి లేకుండా, డబ్బాలో మట్టం తగ్గకుండా పెడల్ దిగితే లోపం మాస్టర్ సిలిండర్‌దే అయ్యే అవకాశం ఎక్కువ. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండి, నాలుగైదుసార్లు నొక్కితే బిగుసుకుంటే పైపుల్లో గాలి చేరిందని అర్థం.

పెడల్ బిగువును స్ప్రింగే కల్పించే మోడళ్లలో ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన లీకు లేదని తేల్చకూడదు. అక్కడ డబ్బాలో మట్టం, కళ్లకు కనిపించే తడి, స్కానర్ యంత్రంలో నమోదైన లోపాల సంకేతాలే ఆధారం.

కనిపించని లీకులూ ఉంటాయి

మట్టం తగ్గుతోంది, ఎక్కడా చుక్క లేదు. ఇది అన్నిటికన్నా ప్రమాదకర పరిస్థితి. ద్రవం బూస్టర్ లోపలికో, ఏబీఎస్ యూనిట్ లోపలికో చేరుతుండవచ్చు. రెండింటిలోనూ విద్యుత్ పలకలుంటాయి. 2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా సంస్థలు అమెరికాలో 33 లక్షలకు పైగా వాహనాలను వెనక్కి పిలిచాయి. ఏబీఎస్ భాగాల్లో ద్రవం లీకై షార్ట్ సర్క్యూట్ కావచ్చని, మంటలు రావచ్చని హెచ్చరించాయి. మరమ్మతు జరిగేదాకా వాహనాలను ఇళ్లకు దూరంగా ఆరుబయట నిలపాలని సూచించాయి. అవి ప్రధానంగా పెట్రోలు వాహనాలే అయినా పాఠం అందరికీ ఒకటే. కారణం తెలియని లీకున్న కారును ఇంటి షెడ్డులో పెట్టి ఛార్జింగ్‌కు తగిలించడం శ్రేయస్కరం కాదు.

విద్యుత్తు కార్ల విషయంలోనే 2024 జూన్‌లో జర్మనీకి చెందిన పోర్షె సంస్థ తన టైకాన్ కార్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది. ముందు చక్రాల బ్రేకు హోస్‌లు బీటలు వారి ద్రవం కారే ప్రమాదముందన్నదే కారణం. ఉచితంగా హోస్‌లు మార్చింది. ఖరీదైన విదేశీ కారులోనూ లోపం తలెత్తింది కంప్యూటరులో కాదు, మామూలు రబ్బరు పైపులో కావడం గమనార్హం.

విప్పే ముందు..

విద్యుత్తు కారులో నారింజ రంగు తీగలన్నీ అధిక వోల్టేజీవి. చాలా కార్లలో ఇది 300 నుంచి 400 వోల్టుల వరకు ఉంటుంది. బ్రేకు పనికి సాధారణంగా ఆ తీగలను తాకాల్సిన అవసరమే రాదు. తాకాల్సి వస్తే శిక్షణ పొందినవారే చేయాలి. తాళం చెవిని కారుకు దూరంగా ఉంచాలి. ఇంజిన్ శబ్దం లేనందున కారు ఆన్‌లో ఉన్న సంగతి తెలియక ప్రమాదాలకు ఆస్కారం ఉంది.

మరో హెచ్చరిక మెకానిక్‌లకు. కొన్ని మోడళ్లలో తలుపు తీసినా, తాళం చెవి దగ్గరికొచ్చినా బ్రేకు వ్యవస్థ తనంతట తానే మేల్కొని ఒత్తిడి పెంచుతుంది. ఆ సమయంలో కాలిపర్ మధ్య వేళ్లుంటే నలిగిపోతాయి. పైపు విప్పి ఉంటే ద్రవం చిమ్ముతుంది. కాబట్టి పుస్తకంలో చెప్పిన ప్రకారం బ్రేకును సర్వీసు స్థితిలోకి మార్చాకే స్పానర్ పట్టాలి. వెనుక కాలిపర్‌కు విద్యుత్ హ్యాండ్‌బ్రేకు ఉంటే దానినీ స్కానర్‌తో వెనక్కి జరపాలి. జాకీని సూచించిన అంచుల వద్దే పెట్టాలి. బ్యాటరీ పెట్టె కింద పెడితే పెట్టె నొక్కుకుపోయి బ్రేకు ఖర్చుకు ఎన్నో రెట్లు నష్టం వస్తుంది.

మరమ్మతు ఇలా..

లీకైన భాగాన్ని మార్చడమే మరమ్మతు. హోస్ బీటలు వారితే అదే ఇరుసుపై రెండోవైపు హోస్‌నూ మార్చడం మంచిది. రెండింటి వయసూ ఒకటే కదా. రాగి వాషర్లను ప్రతిసారీ కొత్తవి వేయాలి. ఒకసారి నలిగిన వాషరు రెండోసారి సరిగా కూర్చోదు. ఇనుప పైపు తుప్పు పట్టి కారితే ఆ పైపును మార్చాలి తప్ప ఎంసీల్ పూయడం, టేపు చుట్టడం, మధ్యలో కోసి రబ్బరు గొట్టం తొడగడం ప్రాణాలతో చెలగాటమే. గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు పైపుల్లో పుట్టే ఒత్తిడి టైరులోని గాలి ఒత్తిడికి పదుల రెట్లు ఉంటుంది.

కాలిపర్ సీలు పోయినప్పుడు సీలొక్కటే మార్చి ఊరుకోకూడదు. పిస్టన్‌పై తుప్పు మచ్చలుంటే కొత్త సీలూ నెలల్లో కోసుకుపోతుంది. విద్యుత్తు కార్లలో బ్రేకు వాడకం తక్కువ కావడంతో పిస్టన్లు, జారుడు పిన్నులు పట్టేసే ధోరణి ఎక్కువ. పిన్నులను శుభ్రం చేసి బ్రేకులకు తగిన గ్రీజే పూయాలి. రబ్బరు భాగాలను పెట్రోలు, డీజిల్, ఇంజిన్ ఆయిల్‌తో కడిగితే అవి ఉబ్బిపోతాయి. తాజా బ్రేక్ ఆయిల్ వాడాలి. ద్రవంలో తడిసిన ప్యాడ్లు, షూలు ఎండబెట్టినా పనికిరావు. ఆ ఇరుసుపై రెండువైపులా మార్చాల్సిందే.

హోస్, కాలిపర్, వీల్ సిలిండర్, ప్యాడ్ల పనిని అనుభవమున్న స్థానిక మెకానిక్ చేయగలరు. బూస్టర్, ఏబీఎస్ యూనిట్, బ్యాటరీ పెట్టె దించితే గానీ అందని పైపుల పనిని మాత్రం సంస్థ అధీకృత సర్వీసు కేంద్రానికే అప్పగించాలి. వారంటీ ఉన్న కారును బయట విప్పే ముందు నిబంధనలు చదువుకోవాలి.

ఎయిర్ తీయడంలో తేడా

పైపు విప్పితే గాలి చేరక తప్పదు. ఒకరు పెడల్ నొక్కి పట్టడం, మరొకరు నిపుల్ వదులు చేసి బుడగలతో కూడిన ద్రవాన్ని పారదర్శక గొట్టం ద్వారా సీసాలోకి వదలడం, నిపుల్ బిగించాకే పెడల్ వదలడం.. ఇది అందరికీ తెలిసిన పద్ధతి. ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. పని జరుగుతున్నంతసేపూ డబ్బా ఖాళీ కాకుండా చూడాలి. ఖాళీ అయితే కథ మొదటికొస్తుంది.

విద్యుత్ బూస్టర్, ఏబీఎస్ ఉన్న కార్లలో ఈ పద్ధతి ఒక్కటే సరిపోకపోవచ్చు. యూనిట్ లోపలి గదుల్లో చిక్కిన గాలిని బయటికి పంపాలంటే స్కానర్‌తో లోపలి వాల్వులను, మోటారును ఆడించాలి. స్కానర్ లేకుండా పని ముగించి పెడల్ గట్టిపడిందని పంపించేస్తే, మొదటిసారి ఏబీఎస్ పనిచేసినప్పుడు ఆ గాలి పైపుల్లోకి వచ్చే ప్రమాదముంది.

డబ్బా మూతపై రాసిన రకం ద్రవాన్నే పోయాలి. సిలికాన్‌తో తయారయ్యే డాట్ 5ను మిగతా రకాలతో కలపరాదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాల్ రకమే. మూత తీసి నెలల తరబడి ఉంచిన సీసా తేమ పట్టి ఉంటుంది. బయటికి తీసిన పాత ద్రవాన్ని మళ్లీ పోయకూడదు. దానిని కూల్‌డ్రింకు సీసాల్లో నిల్వ చేసే అలవాటు మానుకోవాలి. పిల్లలు పొరబడితే ప్రాణాంతకం. కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీటితో కడిగి వైద్యుడి వద్దకు వెళ్లాలి. పెయింటుపై పడితే తుడవకుండా నీళ్లు పోయాలి.

పని ముగిశాక

బిగించిన ప్రతి జాయింటునూ పొడిగా తుడిచి, తెల్ల కాగితం చుట్టి, పెడల్‌ను రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టాలి. కాగితం తడవకపోతేనే చక్రం బిగించాలి. తర్వాత ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూడాలి. రీజెన్‌ను కనిష్ఠ స్థాయికి తగ్గించి పరీక్షించడం తప్పనిసరి. లేకుంటే మోటారు ఆపిన కారును చూసి బ్రేకు బాగుందని పొరబడే అవకాశముంది. మరునాడు, వారం తర్వాత డబ్బాలో మట్టాన్ని మళ్లీ చూడాలి. గీత వద్ద మార్కర్‌తో చిన్న గుర్తు పెట్టుకుంటే అనుమానానికి తావుండదు.

దారిలో ఎర్రదీపం వెలిగితే?

ముందుగా హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దిగిందో లేదో చూడాలి. దిగినా దీపం ఆరకపోతే ప్రయాణం ఆపేయాలి. నేటి కార్లలో బ్రేకు పైపులు రెండు వేర్వేరు వరసలుగా ఉంటాయి. ఒకటి ఖాళీ అయినా రెండోది పనిచేస్తుంది. అయితే కారు ఆగే దూరం బాగా పెరుగుతుంది. ఆ మిగిలిన సగం ఇల్లు చేరడానికి కాదు, సురక్షితంగా పక్కకు ఆపడానికే. పెడల్ పూర్తిగా దిగిపోతే వేగంగా పలుమార్లు నొక్కుతూ, రీజెన్‌ను గరిష్ఠ స్థాయికి పెంచి, విద్యుత్ హ్యాండ్‌బ్రేకు మీటను లాగి పట్టుకోవాలి. చేతితో లాగే హ్యాండ్‌బ్రేకు అయితే మెల్లమెల్లగా లాగాలి.

అటవీమార్గంలో ఫోన్ సిగ్నల్ అందని చోట్లున్నాయి. సహాయం కోసం తాడు కట్టి లాగించుకునే ఆలోచన వద్దు. బ్రేకు లేని కారును తాడుతో లాగడమే ప్రమాదం. పైగా విద్యుత్తు కారు చక్రాలు నేలపై తిరిగితే మోటారు కరెంటు పుట్టించి లోపలి పరికరాలను దెబ్బతీయగలదు. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలిపించాలి. బయలుదేరే ముందే బీమా పత్రంలోని సహాయ నంబరును కాగితంపై రాసి ఉంచుకోవడం మంచిది.

తయారీ లోపమైతే ఉచితమే

లీకు ఒకే మోడల్‌లో పదేపదే తలెత్తితే అది తయారీ లోపం కావచ్చు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ద్వారా చేర్చిన 110ఎ సెక్షన్ లోపభూయిష్ట వాహనాలను వెనక్కి పిలవాలని సంస్థలను ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఇందుకు సంబంధించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. రీకాల్ ప్రకటిస్తే మరమ్మతుకు యజమాని రూపాయి కూడా చెల్లించనవసరం లేదు. కారు ఛాసిస్ నంబరుతో సంస్థ వెబ్‌సైటులోనో, సర్వీసు కేంద్రంలోనో విచారించవచ్చు.

ఇవి మరవొద్దు

- నెలకోసారి బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ మట్టం చూడాలి. మిన్, మాక్స్ గీతల మధ్య ఉండాలి.
- కారు వెంట వచ్చిన పుస్తకంలో చెప్పిన గడువుకు ద్రవం మార్చాలి. చాలా కార్లకు ఇది రెండేళ్లు.
- వారానికోసారి ఖాళీ రోడ్డుపై, వెనుక వాహనాలు లేవని చూసుకుని, రీజెన్ తగ్గించి బ్రేకును గట్టిగా నొక్కాలి. డిస్కులపై తుప్పు పోతుంది, పెడల్‌లో తేడా ఉంటే తెలుస్తుంది.
- శ్రీశైలం వంటి ఘాట్ ప్రయాణానికి ఒకరోజు ముందే మట్టం, చక్రాల లోపలి అంచులు పరిశీలించాలి.
- మట్టం తగ్గితే సీసా కోసం దుకాణానికి కాదు, ముందు లీకు కోసం కారు కిందికి చూడాలి.